కదలని నీళ్ళు

సబ్బక్క అనే పేరు గ్యాసు ఆఫీసులోని మగ ఫిట్టర్లు ఎగతాళికి పెట్టింది. ఆమె దాని మీద గొడవపడలేదు. పనిసంచి మీద అరచేతంత అక్షరాలతో ఆ పేరే కుట్టించుకుంది. కుట్టిపెట్టింది ఆమె మొగుడు. ముందుగదిలో మిషను వేసుకుని పదిమంది బట్టలూ కుట్టే మనిషి.

"సంచి మీద సబ్బు అని చూసి, సబ్బులు అమ్మడానికి వచ్చావనుకుంటారేమోనే," అన్నాడతను దారం కొరుకుతూ.

"అనుకోనివ్వండి. తలుపైతే తీస్తారుగా."

ఆ పేరు రావడానికి కారణం ఆమె సంచిలో ఎప్పుడూ ఉండే సీసా. ఇంట్లో అరిగిపోయి గోరంత మిగిలిన సబ్బుముక్కలన్నీ పోగుచేసి, నీళ్ళలో నానబెట్టి, ఆ సీసాలో పోసుకుంటుంది. మొగుడు పారేసిన గడ్డం బ్రష్షుతో ఆ నీళ్ళను గ్యాసు గొట్టం ప్రతి అతుకు మీదా పూస్తుంది. బుడగ లేచిందా, అతుకు విప్పి మళ్ళీ మొదటినుంచీ బిగిస్తుంది. తక్కినవాళ్ళు రెంచితో రెండు తిప్పులు తిప్పి, గొట్టం మీద ఒక్కటి చరిచి, "అయిపోయిందమ్మా" అని బండెక్కేస్తారు. సబ్బునీళ్ళ తరవాత ఆమెకు ఇంకో పరీక్ష ఉంది. గొట్టంలోకి గాలి కొట్టి, నీళ్ళ గేజి తగిలించి, అరగంట దాని ముందు కూర్చుంటుంది. అరగంట అని ఫిట్టర్లకిచ్చే నిబంధనల పుస్తకంలోనే ఉంది. తక్కినవాళ్ళు అయిదు నిమిషాలు చూస్తారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసేవాళ్ళను ఆ ఆఫీసులో మొండిఘటం అంటారు.

ఆ పుస్తకం ఆమె చేతికి తిన్నగా రాలేదు. ఆమె ఆ ఆఫీసులో చేరింది ఊడవడానికి. శిక్షణ హాల్లో కుర్రాళ్ళు మరలు కోసి పారేసిన గొట్టం ముక్కల్ని ఊడ్చి ఎత్తేది. ఎత్తినవాటిని ఊరికే పారెయ్యకుండా, భోజనాల వేళ హాలు ఖాళీగా ఉన్నప్పుడు, వాటికే మళ్ళీ మరలు కోసేది, అతికేది, విప్పేది. మూడేళ్ళు. ఒకరోజు దరఖాస్తు పట్టుకుని శిక్షణ మాస్టారి దగ్గరికి వెళితే ఆయన కాగితం చూడకుండా చేతుల్ని చూశాడు.

"చీపురు పట్టిన చేతికి రెంచి ఆగుతుందటమ్మా?"

"మీ చేతికి రెండూ ఆగవు కదా మాస్టారూ. హాలు నేనే ఊడుస్తున్నా, పాఠానికి నమూనా అతుకులూ నేనే బిగిస్తున్నా."

మొదటిసారి పరీక్షలో తప్పించారు. రెండోసారీ తప్పించారు. మూడోసారి బయటనుంచి వచ్చిన పరీక్షాధికారి ఎనిమిదిమంది చేసిన అతుకుల్నీ వరసగా నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఏడింటికి బుడగలొచ్చాయి. ఎనిమిదోది ఎవరిదని అడిగాడు. అందరూ గోడ వైపు చూశారు. ఆమె చీపురు గోడకు ఆనించి ముందుకొచ్చింది.

అలా వచ్చింది ఆమెకు లైసెన్సు కార్డు. ఆమె ఫొటో, ముద్ర, కింద "అధీకృత ఫిట్టరు" అన్న రెండు మాటలు. దానికి కూడా మొగుడు మందపాటి గుడ్డతో ఒక చిన్న సంచి కుట్టాడు. గ్యాసు పని ఎవరు చేసినా, సంతకం పెట్టాల్సింది ఆ కార్డున్నవాళ్ళే. సంతకం పడకుండా మీటరు దగ్గరి వాల్వు తెరవకూడదు.

కార్డు వచ్చిన ఆరేళ్ళలో ఆమె మీద రెండు ఫిర్యాదులు వెళ్ళాయి. ఒక హోటలు వంటశాలలో గొట్టం తుప్పుపట్టి రేకులు లేస్తుంటే, నిండు భోజనాల వేళ గ్యాసు కట్టేసింది. అది మొదటిది. ఒక పెద్దమనిషి తన ఇంట్లో మీటరు చుట్టూ గాలి చొరకుండా చెక్కబీరువా కట్టించుకుంటే, తలుపులు ఊడదీసేదాకా సంతకం పెట్టనని కూర్చుంది. అది రెండోది. రెండిట్లోనూ ఆమెదే న్యాయమని అందరికీ తెలుసు. తెలిసినవాడు ఒక్కడూ నోరు విప్పలేదు. మూడో ఫిర్యాదు వస్తే కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలని సూపర్వైజరు ముందే చెప్పాడు. ఆమెకంటే వయసులో చాలా చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు.

"చీపురు ఇంకా స్టోరురూములోనే ఉందమ్మా. నీకోసమే అట్టేపెట్టాం," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు ఆమెకు గుర్తుండిపోయింది.

టీచరమ్మ ఇంటి పని అప్పుడే వచ్చింది.

టీచరమ్మ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. ఆవిడ వంటగది ఎంత ఇరుకంటే, అత్తాకోడళ్ళిద్దరూ లోపల ఉంటే ఒకరు తిరగడానికి ఇంకొకరు బయటికి రావాలి. వంటగదికీ వెనక నడవకూ మధ్య ఉన్న గోడ కొట్టేసి, రెంటినీ కలిపి ఒకటి చెయ్యాలనుకున్నారు. అడ్డం వచ్చింది గ్యాసు మీటరు. అది నడవలో ఉంది. గోడ కొడితే వంటగది నడిబొడ్డున వేలాడుతుంది.

పని పట్టిన కాంట్రాక్టరును ఆ వీధిలో అందరూ రేపుగారు అంటారు. ఏది అడిగినా ఆయన జవాబు రేపే. తలుపులు రేపు, సిమెంటు రేపు, కూలీలు రేపు. ఆ ఒక్క మీటరు విషయంలో మాత్రం ఆయనకు ఎక్కడలేని తొందర.

"ఎందుకక్కా అంత దూరం మోసుకెళ్ళడం? ఇక్కడే అలమరా కట్టి లోపల పెట్టేద్దాం. ఎవరికీ కనపడదు," అన్నాడు.

"కనపడకపోతే ఎట్లా? మీటరుకు గాలాడాలి, మనిషికి చెయ్యందాలి. బయట తూర్పుగోడకు పెడతా."

ఆ మాట ప్రకారమే చేసింది. వీధి వైపు వాల్వు కట్టేసి, పాత మీటరు విప్పి, పాత గొట్టం చివర మూత బిగించి, బయట తూర్పుగోడకు కొత్త బ్రాకెట్టు కొట్టి మీటరు ఎక్కించింది. మీటరు నుంచి గోడ వెంబడే నాలుగు బారల పసుపు గొట్టం వేసి, గుండె ఎత్తున గోడకు కంత పెట్టి లోపలికి తోసింది. ఇక మిగిలింది లోపల, కంత దగ్గరనుంచి పొయ్యి దాకా. ఆ దారి గోడ మీద సుద్దముక్కతో గీసిపెట్టింది.

"ఈ గీత మీద, గోడకు పైనే గొట్టం వస్తుంది. నేను వేసేదాకా ఇక్కడ టైల్సు అంటించకండి," అని రేపుగారికి చెప్పింది. సరే అన్నాడు. ఆయన సరే అన్నప్పుడే ఆమె అనుమానించాల్సింది.

మరుసటిరోజు సూపర్వైజరు ఆమెను ఊరి అవతలి పనికి తోలాడు. అక్కడ మూడు రోజులు పట్టింది. తిరిగొచ్చి చూస్తే టీచరమ్మ వంటగది గోడ తెల్లటి టైల్సుతో అద్దంలా మెరుస్తోంది. సుద్దగీత లేదు. గొట్టమూ లేదు. అరుగు కింద, మోకాలి ఎత్తున, టైలుకు పెట్టిన గుండ్రటి కంతలోంచి జానెడు పసుపు ముక్క మాత్రం తల బయటపెట్టి చూస్తోంది.

"ఇదెవరు వేశారు?"

"మా నీళ్ళ పైపులవాడేనక్కా. మంచి పనోడు. తెల్లటి గోడ మీద పచ్చటి గొట్టం ఏం బాగుంటుంది చెప్పండి? టీచరమ్మగారికి కూడా నచ్చలేదు. గోడలో దాచేశాం."

"బయట కంత గుండె ఎత్తున ఉంది. ఇక్కడ మోకాలి దగ్గర తేలింది. మధ్యలో ఎట్లా దిగింది?"

"మిషను మీద వంచి పెట్టాం. ఒకటే ముక్క. లోపల అతుకన్న మాటే లేదు, ఒట్టు!"

గోడలో ఒకటే ముక్కగా గొట్టం పెట్టడం తప్పుకాదు. అతుకు పెట్టడం తప్పు. అతుకన్నాక ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుంది, వదులైతే చూడడానికి కన్నూ బిగించడానికి చెయ్యీ అందాలి. సబ్బక్క ఆ టైల్సు వంక చాలాసేపు చూసింది. సబ్బునీళ్ళు టైల్సుకు పూస్తే టైల్సు శుభ్రపడతాయి, అంతే.

"రేపు పొద్దున గాలి పరీక్ష పెడతా," అంది.

ఆ రేపు నిజంగానే వచ్చింది. పదింటికి ఆమె వెళ్ళేసరికి సూపర్వైజరు అప్పటికే అక్కడున్నాడు. రేపుగారు ఫోను చేసి పిలిపించాడని చూడగానే తెలిసిపోయింది. ఇద్దరూ టీ తాగుతున్నారు. పొయ్యి దగ్గర గొట్టానికి నీళ్ళ గేజి తగిలించి ఉంది. పెద్ద యంత్రమేమీ కాదు. పలకకు బిగించిన పారదర్శకపు సన్నగొట్టం, గుర్రపునాడాలా వంగి రెండు కొమ్ములు పైకి లేచి ఉంటుంది. దాంట్లో నీళ్ళు. గ్యాసు గొట్టంలోకి గాలి కొట్టి మూసేస్తే, ఆ గాలి ఒత్తిడికి ఒక కొమ్ములో నీళ్ళు కిందికి దిగి రెండోదాంట్లో పైకి లేస్తాయి. లేచిన నీళ్ళు జారితే ఎక్కడో కారుతున్నట్టు. అక్కడే నిలబడితే గొట్టం గట్టిగా ఉన్నట్టు. ఆ ఆఫీసులో అందరికీ తెలిసింది అంతవరకే.

"రామ్మా. పావుగంటయింది నేను పెట్టి. చూసుకో, నీళ్ళు కదల్లేదు. సంతకం పెట్టేస్తే వాల్వు తెరిచి వెళ్ళిపోదాం," అన్నాడు సూపర్వైజరు.

టీచరమ్మ బడికి సెలవు పెట్టి గుమ్మంలో నిలబడి ఉంది. మూడు వారాలుగా ముందుగదిలో చిన్న కరెంటు పొయ్యి మీద వంట. ఆవిడ ముఖంలో ఆ మూడు వారాలూ కనపడుతున్నాయి. వెనక కుర్చీలో ఆవిడ అత్తగారు, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని.

"తొందరగా కానివ్వు అమ్మాయ్," అంది అత్తగారు. "ఆ కరెంటు పొయ్యి మీద ఏది పెట్టినా అలిగి కూర్చుంటోంది. అది ఉడికేలోపు నాకు ఇంకో ఏడు మీద పడుతోంది."

సబ్బక్క జేబులోంచి పెన్ను తీసి నీళ్ళు ఎక్కడున్నాయో సన్నగొట్టం మీద గీత పెట్టింది. తరవాత బకెట్టు బోర్లించుకుని దాని ముందు కూర్చుంది. సూపర్వైజరు పళ్ళు నూరాడు. ఇంకో పావుగంట గడిచింది. నీళ్ళు గీత మీదే ఉన్నాయి. జారితే వెంట్రుకవాసి.

ఆమె లేచి పెరట్లోకి వెళ్ళింది. పక్కింటి డాబా మీదుగా పొద్దెక్కి తూర్పుగోడంతా ఎండ పరుచుకుంది. మీటరు నుంచి కంత దాకా, నాలుగు బారల గొట్టమూ ఎండలోనే. చేతి వెనకవైపుతో తాకి చూసింది. చురుక్కుమంది. ముందు విప్పి గోడకు ఆనించి ఉంచిన పాతగొట్టం ముక్కను కూడా తాకింది. అదీ అంతే.

లోపలికి వచ్చి కార్డును సంచిలో ఇంకా లోపలికి తోసింది.

"సంతకం పెట్టను సార్. గొట్టం కారుతోంది."

రేపుగారు టీ మింగలేక దగ్గాడు. సూపర్వైజరు గేజి వైపు వేలు చూపించాడు. "కళ్ళు కనపడడం లేదా? నీళ్ళు కదల్లేదమ్మా!"

"కదలకపోవడమే తప్పు సార్. అరగంటగా గొట్టం ఎండలో కాగుతోంది. లోపల గాలి వేడెక్కి ఉబ్బుతుంది. నీళ్ళు పైకి లేవాలి. లేవలేదంటే, ఉబ్బిన గాలి ఉబ్బినట్టే ఎటో పోతోంది."

"ఇదెక్కడి విడ్డూరం! కదిలితే కారుతోందంటావు, కదలకపోయినా కారుతోందంటావు. నీకు సంతకం పెట్టే ఉద్దేశమే లేదని చెప్పు."

"మధ్యాహ్నం గోడ మీదికి నీడొచ్చాక మళ్ళీ పెడదాం. అప్పుడు నీళ్ళు నిలబడితే పెడతా."

"మధ్యాహ్నం దాకా నీతో కూర్చోడానికి నేనేం ఖాళీగా ఉన్నాననుకున్నావా? పన్నెండుకల్లా ఈ ఇల్లు అప్పజెప్పాలని పైనుంచి చెప్పారు."

"పైనున్నవాళ్ళు ఈ పొయ్యి వెలిగించరు సార్. వెలిగించేది ఆ పెద్దమ్మగారు."

రేపుగారు టీచరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు, అందరికీ వినపడేటంత తగ్గించాడు. "చూశారామ్మా, ఈవిడ సంగతి నేను ముందే చెప్పలా? కొత్త టైల్సు పగలగొట్టించేదాకా నిద్రపోదు. రెండు ఫిర్యాదులున్నాయట ఇప్పటికే."

టైల్సు మాట వినేసరికి టీచరమ్మకు కోపం నషాళానికంటింది. ఆ టైల్సు కోసం ఆవిడ తిరగని దుకాణం లేదు. "ఏమండీ, సూపర్వైజరుగారే బాగుందంటున్నారు, మీకేమిటి పట్టుదల? ఇది నా ఇల్లు. మీ పంతానికి నా వంటగదా దొరికింది?" అని విసురుగా లోపలికి వెళ్ళి, నోటుబుక్కులోంచి కాగితం చింపి, నిలబడే రాసింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. "కారణం లేకుండా జాప్యం, దురుసుతనం." కింద సంతకం, తేదీ. తెచ్చి సూపర్వైజరు చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని ఫైల్లో పెట్టుకుని, సబ్బక్కకు మూడు వేళ్ళు చూపించాడు.

"ఇదుగో, మూడోది. ఇప్పుడైనా సంతకం పెట్టు, ఈ కాగితం ఇక్కడే చింపేస్తా. లేదంటే కార్డు ఇటు ఇచ్చి ఇంటికెళ్ళు. స్టోరురూము తాళం నా దగ్గరే ఉంది."

సబ్బక్క చెయ్యి కార్డున్న సంచి మీదికి వెళ్ళింది. మూడేళ్ళ భోజనాల వేళలు, రెండుసార్లు పరీక్ష తప్పడం, మొగుడు కుట్టిన ఆ చిన్న గుడ్డసంచి. సంతకం అంటే ఎంత? గీత గీసినంత పని. పెట్టేస్తే ఆ కాగితం చిరిగిపోతుంది, అత్తగారి పొయ్యి వెలుగుతుంది, అందరూ నవ్వుతూ ఇళ్ళకు పోతారు. తరవాత ఏ తెల్లవారుజామునో తలుపులన్నీ మూసి ఉన్న వంటగదిలో ఆవిడ అగ్గిపుల్ల గీస్తుంది.

"చీపురంటే నాకు భయం లేదు సార్," అంది. "ఊడ్చినన్నాళ్ళూ నేలను శుభ్రంగా ఉంచా. ఇప్పుడు మీరు నన్ను చెత్త తివాచీ కిందికి తొయ్యమంటున్నారు. కార్డు కావాలంటే తీసుకుందురుగాని. ముందు ఒక పావుగంట నేను చేసేది చూడండి. చూడ్డానికి కూడా పైవాళ్ళనడగాలా?"

అత్తగారు చేతికర్ర నేలకు కొట్టింది. "చూద్దాం పట్టు. పావుగంటలో ఇల్లేం మునగదు. మూడు వారాలు ఆగినవాళ్ళం."

సబ్బక్క సంచిలోంచి తన సొంత గేజి తీసింది. గోడకు ఆనించిన పాతగొట్టం ముక్కను తెచ్చి గోడ నీడలో పడేసి, తడిగుడ్డ చుట్టి కాసేపు చల్లారనిచ్చింది. ఒక చివర మూత బిగించి, రెండో చివర గేజి తగిలించి, గాలి కొట్టింది. అతుకులకు సబ్బునీళ్ళు పూసింది. బుడగ లేదు. నీళ్ళ దగ్గర పెన్నుతో గీత పెట్టింది.

"చూడండి టీచరమ్మా, గీత మీదున్నాయా నీళ్ళు?"

"ఉన్నాయి," అంది టీచరమ్మ ముభావంగా.

గుడ్డ తీసేసి, గొట్టాన్ని ఎత్తి ఎండలో, తూర్పుగోడ మీది గొట్టం పక్కనే ఆనించింది. గేజి మాత్రం నీడ వైపు ఉంచింది. నలుగురూ పెరట్లో నిలబడ్డారు, అత్తగారు మాత్రం కుర్చీ బయటికి వేయించుకుంది. అయిదు నిమిషాలకు నీళ్ళు గీత దాటాయి. పది నిమిషాలకు రెండు వేళ్ళు లేచాయి. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ ఊదలేదు. వాటంతట అవే మెల్లగా, పాకుతున్నట్టుగా లేచాయి. మూడు వేళ్ళు. మూడున్నర.

"గట్టిగా ఉన్న గొట్టం ఎండలో ఇట్లా చేస్తుంది," అంది సబ్బక్క. "మీ గోడలోది ఎందుకు చెయ్యలేదు?"

"ఇది ముక్క, అది పొడుగుది. రెండూ ఒకటెట్లా అవుతాయి?" అన్నాడు సూపర్వైజరు. ఆ మాట ఆయనకే గట్టిగా అనిపించలేదు.

అత్తగారు చేతికర్రతో కోడలి మోచేతిని పొడిచింది. "ఒసే, తొట్టి మీద కుళాయి విప్పి ఉంది, నీళ్ళు ధారగా పడుతూనే ఉన్నాయి, తొట్టి మాత్రం నిండడం లేదు. ఏమిటి దానర్థం? అడుగున చిల్లేగా? దీనికింత చదువెందుకే?"

టీచరమ్మ నీళ్ళకేసే చూస్తోంది. ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. పన్నెండేళ్ళుగా ఆవిడ బోర్డు మీద బెలూను బొమ్మ వేసి, వేడి చేస్తే వాయువు వ్యాకోచిస్తుందని పిల్లల చేత వల్లె వేయించి, మార్కులు వేస్తోంది. ఆ పాఠం తన వంటింటి గోడ మీదికి ఎక్కి కూర్చుంటే గుర్తుపట్టలేదు. ఊడ్చుకుంటూ నేర్చుకున్న మనిషి గుర్తుపట్టింది.

"పగలగొట్టండి," అంది టీచరమ్మ.

"అమ్మా, ఆ టైల్సు మళ్ళీ అదే రకం దొరకడం..." అని రేపుగారు మొదలెట్టాడు.

"రేపు దొరుకుతాయిలెండి," అంది అత్తగారు.

సబ్బక్క సుత్తీ ఉలీ తీసుకుంది. బయట కంత ఎత్తు జానలతో కొలిచి, లోపలి గోడ మీద అదే ఎత్తున ఒక టైలు ఎంచుకుంది. మొదటి టైలు వెనక ఉత్త సిమెంటు. రేపుగారు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె చేతిలో ఉలి జారింది, మళ్ళీ పట్టుకుంది. రెండో టైలు వెనకా ఉత్త సిమెంటే. సూపర్వైజరు ఫైలును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మూడోది పగిలేసరికి సిమెంటు పెళ్ళ ఊడి, లోపలనుంచి మోచెయ్యిలా వంగిన ఇత్తడి ఎల్బో అతుకు బయటపడింది. దాని చుట్టూ నీళ్ళ గొట్టాలకు చుట్టే తెల్ల టేపు, తొందరలో చుట్టినట్టు పోగులు పోగులుగా.

సబ్బక్క గొట్టంలోకి మళ్ళీ కాస్త గాలి కొట్టి, గడ్డం బ్రష్షు సీసాలో ముంచి, ఎల్బో మీద మెత్తగా రాసింది. బఠాణీ గింజంత బుడగ లేచింది. గోలీ అంత అయింది. పగిలింది. వెంటనే అదే చోట ఇంకొకటి.

"మీరూ వచ్చి చూడండి సార్. దగ్గరగా," అంది.

సూపర్వైజరు వంగి చూశాడు. చూసి, రేపుగారి వైపు గుడ్లురిమి చూశాడు. రేపుగారు పైకప్పు వైపు చూశాడు. నీళ్ళు పారే గొట్టం కారితే గోడ చెమ్మగిల్లి తన సంగతి తానే చెబుతుంది. నీళ్ళ పైపులవాడికి తెలిసింది ఆ కారడం ఒక్కటే. గోడలో పెడితే ఏమవుతుందిలే అనుకుని పెట్టేశాడు.

"సరేలే, జరిగిందేదో జరిగింది," అన్నాడు సూపర్వైజరు గొంతు సవరించుకుని. "మంచి టేపు చుట్టి బిగించి, సిమెంటు పూసేద్దాం. రిపోర్టులో చిన్న మరమ్మతు అని రాయి. ఇది పెద్దది చేసుకోవద్దు. అందరం ఒక్కచోట పనిచేసేవాళ్ళం."

"అతుకు గోడలో ఉండదు సార్. గొట్టమంతా పీకేస్తా. నా సుద్దగీత మీద, గోడకు పైనే మళ్ళీ వేస్తా."

టీచరమ్మ సూపర్వైజరు ముందు చెయ్యి చాపింది. "నా కాగితం ఇలా ఇచ్చెయ్యండి."

"అదెట్లా కుదురుతుందమ్మా? ఒకసారి ఫైల్లోకి వెళ్ళిందంటే వెళ్ళినట్టే."

ఇందాక ఇక్కడే చింపేస్తానన్న కాగితం అది. ఆ సంగతి ఎవరూ ఆయనకు గుర్తుచెయ్యలేదు. సబ్బక్క మాత్రం నవ్వింది.

"తియ్యొద్దులెండి టీచరమ్మా. అది నా కాగితం, నా మూడో ఫిర్యాదు. దాని వెనక తెల్లగానే ఉందిగా. ఒకసారి ఇవ్వండి సార్, జవాబు రాయడం నా హక్కు. అదీ పుస్తకంలోనే ఉంది."

అరుగు మీద సిమెంటు ధూళిని మోచేత్తో తుడిచి, కాగితం తిరగేసి, రాయడం మొదలెట్టింది. ఆమెవి టీచరమ్మ అక్షరాలు కావు. పెద్దవి, వంకరవి, ఒక్కోటీ బిగించి పెట్టినట్టుంటాయి. ఏ రోజు సుద్దగీత గీసింది, ఏ రోజు తనను వేరే పనికి పంపారు, ఎవరు గొట్టం దాచారు, ఎవరు నీళ్ళు కదల్లేదన్నారు, ఎంతసేపటికి సంతకం పెట్టమన్నారు, ఏ టైలు వెనక ఏం దొరికింది. అన్నీ రాసి కింద సంతకం చేసింది. టీచరమ్మ పెన్ను తీసుకుని, "నేను కళ్ళారా చూశాను" అని రాసి తనూ సంతకం చేసింది. అత్తగారు కళ్ళజోడు లేదని విసుక్కుంటూనే వంకరటింకరగా పేరు గీసింది.

"ఇప్పుడు పంపండి సార్ పైకి," అని సబ్బక్క కాగితం చేతికిచ్చింది.

సూపర్వైజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక వైపు ఆమె కార్డు పోగొట్టే మాటలు, రెండో వైపు తన పేరు నాలుగుసార్లు. ఒక వైపు పంపి రెండో వైపు దాచడానికి లేదు.

మర్నాడు ఆమె గోడలోని గొట్టం పీకేసి, అరుగుకు జానెడు పైన, తెల్లటి టైల్సు మీద అడ్డంగా పసుపు గొట్టం వేసింది. ప్రతి అతుకూ కంటికి కనపడేలా, చేతికి అందేలా. పరీక్ష మాత్రం కావాలని ఆ తరవాతి రోజు పొద్దునే, తూర్పుగోడ మీద ఎండ పడే వేళకే పెట్టింది. అరగంటలో నీళ్ళు నాలుగు వేళ్ళు లేచాయి. మధ్యాహ్నం నీడ పడ్డాక దిగి, మొదటి గీత దగ్గరికే వచ్చి ఆగాయి. అప్పుడు సంతకం పెట్టి వాల్వు తెరిచింది. పొయ్యి అత్తగారే వెలిగించింది. మంట నీలంగా, నిండుగా లేచింది.

టీచరమ్మ గోడ వంక చూసి ఉండబట్టలేకపోయింది. "చెప్పకుండా ఉండలేనండీ. ఆ పసుపు గొట్టం అసహ్యంగా ఉంది."

"ఉంది," అంది సబ్బక్క పనిసంచి భుజానికెత్తుకుంటూ. "అలాగే ఉండనివ్వండి. రంగు వెయ్యడానికి ఎవడైనా వస్తే నాకు కబురు చెయ్యండి."

కార్డు ఆమె దగ్గరే ఉంది. సూపర్వైజరు తెలివి ఏమిటంటే, ఆ కాగితాన్ని అటూ పంపకుండా ఇటూ చింపకుండా సొరుగులో పెట్టి మర్చిపోవడం. మర్చిపోతే ఎవరూ అడగరని ఆయన ధైర్యం. తక్కిన ఫిట్టర్లయితే అడిగేవాళ్ళు కాదు, బతికిపోయాం అనుకుని తలొంచుకుని పోయేవాళ్ళు.

ప్రతి సోమవారం పొద్దునా డ్యూటీ కాగితాలు పంచే వేళ, ఆఫీసంతా నిండి ఉన్నప్పుడు, సబ్బక్క ఆయన బల్ల ముందుకెళ్ళి నిలబడుతుంది.

"నా మూడో ఫిర్యాదు ఎక్కడిదాకా వెళ్ళింది సార్?"

"చూస్తున్నారమ్మా. పైన చూస్తున్నారు."

"పైన కాదు సార్, కుడి చేతి వైపు సొరుగులో ఉంది. పంపండి. పైవాళ్ళు పిలిస్తే వెళ్ళి మాట్లాడాలని నాకూ ఉంది."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వుతారు. సూపర్వైజరు సొరుగు కేసి చూడకుండా ఉండడానికి కిటికీ కేసి చూస్తాడు. ఆమె తన డ్యూటీ కాగితం తీసుకుని, సంచిలో సీసా ఉందో లేదో తడిమి చూసుకుని బయలుదేరుతుంది. మళ్ళీ సోమవారం వస్తుంది. మళ్ళీ అదే అడుగుతుంది.